జోడు సైకిలు ఫోర్కు

మా సైకిలు ఏ షాపులోనూ దొరకదు. రెండు పాత సైకిళ్ళను కోసి, ఒకదాని వెనక ఒకటి అతికించి మా ఆడపడుచు భర్త చేసిపెట్టాడు. రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు, రెండు హ్యాండిళ్ళు. ముందు హ్యాండిలే తిరుగుతుంది, వెనకది ఊరికే పట్టుకోవటానికి. ముందు సీటు నాది, వెనక సీటు మా ఆయనది.

మా ఆయన లారీ డ్రైవరు. దాచేపల్లి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి లోడు ఎత్తుకుని రాష్ట్రమంతా తిరిగిన మనిషి. కళ్ళల్లో నీటికాసులు వచ్చి చూపు పక్కల నుంచి తగ్గుతూ తగ్గుతూ చివరికి పూర్తిగా పోయింది. ఆపరేషన్లు అయ్యాయి, చుక్కల మందులు అయ్యాయి. డాక్టరుగారు ఇక చెయ్యగలిగింది లేదని చెప్పిన రోజు ఈయన, "సరే లెండి, రోడ్లన్నీ చూసేశా" అని నవ్వి బయటికొచ్చాడు. నేనే నవ్వలేకపోయాను.

నాది టైలరింగు. నరసరావుపేటలో మా ఇంటి ముందుగదిలోనే మిషను. చూపు పోయాక ఆయన ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నా మిషను వేగం పెరిగితే "ఎత్తు దిగుతున్నావా ఏందే, గేరు తగ్గించు" అనేవాడు. జాకెట్లు కుట్టించుకోవటానికి వచ్చిన ఆడవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. అంతా బాగానే ఉన్నట్టుండేది. ఒకరోజు మాత్రం, గదిలో ఎవరూ లేనప్పుడు, "మనుషులు కనపడకపోతే పోయింది. మొహాన గాలి తగలక పిచ్చెక్కుతందే నాకు" అన్నాడు. ఫ్యాను పెంచాను. "అది కాదు. నేను కదుల్తుంటే తగిలే గాలి" అన్నాడు.

ఆ మాట నేను మా ఆడపడుచుతో అన్నాను, ఆమె తన భర్తతో అంది. ఆయన వరసకి నాకు అన్నయ్య. వెల్డింగు పని. పాత సామాను ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చి, నెల తిరక్కుండా ఆ జోడు సైకిలు తెచ్చి మా గుమ్మం ముందు నిలబెట్టాడు. "నువ్వు చిన్నప్పుడు తొక్కేదానివిగా చెల్లెమ్మా, మళ్ళీ తొక్కు" అన్నాడు.

తొక్కటం వేరు, ఆ పొడుగు వాహనాన్ని తిప్పటం వేరు. తెల్లారకముందే స్కూలు గ్రౌండుకి తీసుకెళ్ళి నేర్చుకున్నాం. నేను "గుంట" అంటే ఆయన సీటు మీంచి కొంచెం లేవాలి. "ఆగు" అంటే పెడలు వదిలెయ్యాలి. ఆయన మాత్రం డ్రైవరు బుద్ధి పోనిచ్చుకోకుండా వెనక నుంచి నాకే ఆర్డర్లు. "కుడిపక్కన బస్సొస్తంది, నీ లైన్లో నువ్వు పో." నాకంటే ముందు ఆయనకే వినపడేది బస్సు.

వీధిలో మొదట్లో అనేవాళ్ళు అన్నారు. "ఏందిరా, పెళ్ళాం వెనక కూర్చున్నావు?" అని ఆయన పాత స్నేహితుడు అరిచాడు టీకొట్టు దగ్గర నుంచి. "నువ్వూ పెళ్ళాం వెనకే తిరుగుతున్నావు కదరా, కాకపోతే నీకు సీటు లేదు" అన్నాడీయన. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

పొద్దున్నే కోటప్పకొండ రోడ్డు వైపు కొంత దూరం వెళ్ళి, టీ తాగి, ఎండెక్కేలోపు వెనక్కి రావటం మాకు అలవాటైంది. ఆయనకి ఆకలి మొదలైంది, నిద్ర మొదలైంది. నాకు నడుం నొప్పి పోయింది.

అలాంటి ఒక పొద్దున గొర్రెల మంద రోడ్డు మీదకొచ్చింది. నేను పక్కకి తిప్పాను. కల్వర్టు అంచు విరిగిపోయి ఉంది. "గుంట" అనే టైము కూడా లేదు. ముందు చక్రం అందులోకి దిగింది, ఇద్దరం మిరపచేను గట్టు మీద పడ్డాం. నా మోచేయి గీరుకుంది, ఆయన మోకాలు చెక్కుకుపోయింది. గొర్రెల కాపరి పరిగెత్తుకొచ్చి ఆయన్ని లేపాడు.

ఆయన అడిగిన మొదటి మాట: "సైకిలుకేమైంది?"

"నేను బతికే ఉన్నా, అడిగినందుకు" అన్నాను.

"నువ్వు అరిచింది వినపడింది. గట్టిగానే అరిచావు, బాగానే ఉండి ఉంటావు. సైకిలు అరవదు కదే."

కోపం వచ్చింది, అంతలోనే నవ్వూ వచ్చింది. చూస్తే ముందు ఫోర్కు వెనక్కి మడిచిపోయి ఉంది. ఫోర్కంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనప కాళ్ళు, పైన హ్యాండిల్లోకి పోయే గొట్టం. కాళ్ళు వంగిపోయి చక్రం వెనక్కి జరిగి ఫ్రేముకి ఒరుసుకుంటోంది. ఆయన కూర్చుని రెండు చేతులతో దాన్ని పైనుంచి కిందికి తడిమాడు. "ఫోర్కే కదా. ఒక పూట పని" అన్నాడు. పత్తి దించి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు ఎక్కి ఇంటికొచ్చాం.

ఒక పూట కాదు. ఆ చలికాలమంతా పట్టింది.

మొదట బజారులో సైకిలు షాపుకి వెళ్ళాం. షాపాయన పెద్దాయన, తన నాన్నగారి కాలం నుంచి ఆ షాపు వాళ్ళదే. మంచి మనిషి. "వంగినదాన్ని సాగదీస్తే మళ్ళీ అక్కడే వంగుద్దమ్మా, కొత్తది వేసుకోండి" అని గోడకి వేలాడేసిన ఫోర్కు తీసి ఇచ్చాడు. అది కింద నుంచి ఎక్కిస్తే గొట్టం పైదాకా రాలేదు. గొట్టం పైకి వచ్చి కొంచెం మర బయటికి కనపడితేనే నట్టు బిగుస్తుంది. మా అన్నయ్య ఫ్రేము బలంగా ఉండాలని ముందు పక్క మామూలు సైకిలు కంటే పొడుగ్గా చేశాడు. చేయి పొట్టైన జాకెట్టు లాగా లోపలే ఉండిపోయింది ఆ ఫోర్కు.

గేర్ల సైకిలుది తీశాడు షాపాయన. దాని గొట్టం లావు, మా దాంట్లో దూరనే లేదు.

"గొట్టానికి ఇంకో ముక్క అతికిస్తే?" అన్నాను.

"అతుకుద్ది తల్లీ. ఇద్దరెక్కి మళ్ళీ గుంటలో దిగితే మాత్రం అతుకు ఊడుద్ది. నీ మొహం పగిలితే నేను చూడలేను" అన్నాడు.

ఇంటికొచ్చాక ఈయన నాలుగు రోజులు బాగానే ఉన్నాడు. ఐదో నాటికి మిషను గేరు గురించి మాట్లాడటం మానేశాడు. అన్నం సగంలో లేవటం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఇనప ముక్క కోసం మనిషి మళ్ళీ కుర్చీలోకి కుంగిపోతాడేమో అనిపించింది.

సత్తెనపల్లిలో పాతసామాను గోడౌను ఉందని ఎవరో చెబితే బస్సెక్కి పోయాం. తుప్పు పట్టిన సైకిళ్ళు గుట్టలుగా పడి ఉన్నాయి. నేను ఒక్కో ఫోర్కు లాగి అందిస్తే ఆయన తడిమి చూసి పక్కన పడేస్తున్నాడు. చివరికి ఒకదాన్ని పట్టుకుని మొహం వెలిగిపోయింది. "ఇదే! పొడుగు అంతే, కాళ్ళు అంతే. నా చేతికి తెలీదా?"

"ఒకసారి కొలుద్దామా?"

"ఇరవై ఏళ్ళు స్పానర్లు పట్టుకున్న చెయ్యి ఇది. కొలిచేదేంది?"

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరుతో కూడా దాని గొప్ప చెప్పాడు. ఇంటికొచ్చి ఎక్కిస్తే పొడుగు సరిపోయింది. గొట్టం మాత్రం గోరు మందం లావు. మా ఫ్రేములో గోళీలు కూర్చునే ఇనప కప్పుల్లోంచి పోనంటే పోదు. ఆయన దాన్ని తిప్పాడు, నూనె రాశాడు, సుత్తితో తట్టాడు. తర్వాత చేతులు కడుక్కోవటానికి పెరట్లోకి వెళ్ళాడు. సబ్బు రుద్దుకుంటూ చాలాసేపు అక్కడే ఉన్నాడు.

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. "జాకెట్టు కూడా అంతేనయ్యా. పొడుగు సరిపోయినంత మాత్రాన పట్టుద్దా? చుట్టుకొలత చూడొద్దూ?" అన్నాను.

కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. "అయితే దానికి ఎక్స్ ఎల్ కావాలా?" అన్నాడు.

ఆ సాయంత్రమే నేను వంగిన ఫోర్కును మిషను బల్ల మీద పెట్టి నా టేపుతో కొలతలు తీశాను. గొట్టం పొడుగు, గొట్టం నడుము, కాళ్ళ పొడుగు, రెండు కాళ్ళ మధ్య వెడల్పు. కాళ్ళు వంగాయి గనక వంపు వెంబడే టేపు పోనిచ్చాను. అసలు ఈ పని ముందే చెయ్యాల్సింది. ఆ తర్వాత అన్నయ్యకి ఫోన్ చేశాను. సైకిలు చేసిచ్చాక ఆయన మిర్యాలగూడలో రైసుమిల్లుల పనికి వెళ్ళిపోయాడు. కృష్ణ అవతలికి పోయి నాలుగు నెలలు కాలేదు, మాట మారిపోయింది.

"అది మామూలు సైకిలుది కాదు చెల్లె. సరుకులు మోసే మూడు చక్రాల రిక్షాది. మాచర్లల ఒకాయన దగ్గర తీసుకున్న. అందుకే గంత గట్టిగ ఉంటది."

"మరి ఇంకోటి దొరుకుద్దా?"

"ఆయన దగ్గర అసుమంటి రిక్షా ఇంకోటుండె. రెండు ఒకేసారి చేయించిండంట. ఒకటిచ్చిండు. రెండోది అడిగితె కొట్టినంత పని చేసిండు." ఇల్లెక్కడో గుర్తులు చెప్పి, "నా పేరు చెప్పకు" అని నవ్వి పెట్టేశాడు.

పొద్దున రైలుకి బయల్దేరాం. పోల్చి చూడటానికి వంగిన ఫోర్కును పాత లుంగీలో చుట్టి ఈయన భుజాన పెట్టుకున్నాడు. రెండు కాళ్ళు పైకి లేచి గుడ్డలోంచి మొనలు కనపడుతున్నాయి. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ గురజాల పోతోందట, చాలాసేపు దానివంకే చూసి చేతులు జోడించింది.

"ఏ గుడికమ్మా త్రిశూలం?"

నేను చెప్పబోయేలోపే ఈయన, "గుడికి కాదు పెద్దమ్మా, ఆసుపత్రికి. కాళ్ళు విరిగినయ్యి" అన్నాడు. ఆవిడ కంగారుపడిపోయింది. నేను విషయమంతా చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సైకిలు ఎవరు తొక్కుతారని అడిగింది. నేనని చెబితే నన్ను పైనుంచి కిందికి చూసింది. సంచిలోంచి ఇంత వేరుశనక్కాయలు తీసి నా ఒళ్ళో పోసి, "తిను, బలం ఉండాల" అంది.

మాచర్లలో దిగి, గుర్తులు పట్టుకుని నడిచాం. మేము వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. వేపచెట్టు నీడలో రిక్షా ఉంది. రిక్షా మీద పరుపు, పరుపు మీద బక్కపలచని ముసలాయన, మంచి నిద్రలో. పక్కనే ఆయన భార్య మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

నేను సంగతి చెప్పేసరికి ఆయన కళ్ళు తెరవకుండానే, "లేదు. పో" అన్నాడు.

"బాబాయ్, ఒక్కసారి..."

"పాతసామానోళ్ళు పది మంది వచ్చి పోయిన్రు. దీని మీద నాపరాళ్ళు మోశా, నా బిడ్డల్ని మోశా. ఇప్పుడు ఇది నన్ను మోస్తంది. మంచం మీద నాకు నిద్ర పట్టదు. పో తల్లీ."

అప్పుడు మా ఆయన చేత్తో వెతుక్కుంటూ ముందుకు వెళ్ళి రిక్షా అంచు పట్టుకున్నాడు. "బాబాయ్, నేను లారీ డ్రైవర్ని. ఇరవై ఏళ్ళు క్యాబిన్లో పడుకున్నా. ఇప్పటికీ ఇంట్లో పరుపు మీద నడుం ఆనదు. నీ మాట నాకు తెలుసు" అన్నాడు.

ముసలాయన కళ్ళు తెరిచాడు. అప్పుడే గమనించినట్టున్నాడు ఈయనకి చూపు లేదని. లేచి కూర్చుని, పక్కకి జరిగి, "కూర్చో" అన్నాడు. ఇద్దరూ రిక్షా మీద పక్కపక్కన కూర్చుని ఏ ఘాటు రోడ్డులో ఎంత లోడు లాగారో చెప్పుకోవటం మొదలుపెట్టారు. నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని తొడిమలు తీశాను. మా సైకిలు గురించి, ఆయన తిండి మానేసిన సంగతి గురించి ఆవిడకి చెప్పాను. వేరే ఏం అడగలేదు.

ఆవిడ చాట కింద పెట్టి లేచింది. "ఓయ్, ఏందయ్యా! పిల్ల మొగుణ్ణి ఎక్కించుకుని తొక్కుద్దంట. నువ్వేమో కదలని బండికి గట్టి కాళ్ళు పెట్టుకుని నిద్రపోతన్నావు."

"ఫోర్కు తీస్తే బండి మూతి నేలకి ఆనుద్ది. నేనెట్టా పడుకోను?"

అక్కడ మా ఆయనకి తట్టింది. భుజాన ఉన్న లుంగీ మూట విప్పి ఆయన చేతుల్లో పెట్టాడు. "ఇది నీ బండి తోబుట్టువుదే బాబాయ్. దీన్ని నీ రిక్షాకి వెయ్యి. వంగింది గనక తొక్కటానికి పనికిరాదు. నిలబడటానికి పనికొస్తది."

ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాళ్ళ పైన తను అప్పట్లో కొట్టించుకున్న గుర్తు, చిన్న చుక్క లాంటిది, బొటనవేలితో రుద్దాడు. "ఇది నాదే" అన్నాడు మెల్లగా. "మీ చేతికి ఎట్టా వచ్చింది?" మేము మా అన్నయ్య పేరు చెప్పక తప్పలేదు. "వాడా! వాడు మంచోడే, బేరం చేసేప్పుడు మాత్రం పిశాచి" అన్నాడు. లోపలికి వెళ్ళి స్పానర్లు తెచ్చాడు.

నేను ముందు టేపు తీసి కొలిచాను. మా ఆయన నవ్వుతూ నోరు మూసుకుని నిలబడ్డాడు. గొట్టం పొడుగు సరి, నడుము సరి, కాళ్ళు సరి. రిక్షా మూతి ఇటుకల మీద ఆన్చి ఇద్దరు మగాళ్ళూ ఫోర్కు ఊడదీశారు. తుప్పు పట్టిన నట్టు ఒకపట్టాన రాలేదు. ముసలాయన చూసి చెబుతుంటే మా ఆయన బలం వేశాడు. కప్పుల్లోని ఇనప గోళీలు జలజలా రాలి దుమ్ములో పడ్డాయి. వాటిని ఏరటానికి నేనూ ఆవిడా మోకాళ్ళ మీద కూర్చున్నాం, కోళ్ళు గింజలనుకుని మా మధ్యకి దూరాయి. ఆవిడ ఒక కోడి నోట్లోంచి గోళీ లాక్కుని చీవాట్లు పెట్టింది.

వంగిన ఫోర్కు రిక్షాకి చక్కగా పట్టింది. చక్రం వెనక్కి జరిగి ఫ్రేముకి తగిలి ఆగిపోయింది. ముసలాయన పైకెక్కి పడుకుని చూశాడు. "తల పక్క కొంచెం దిగింది" అన్నాడు.

"ఇంకో దిండు పెట్టుకో" అంది ఆవిడ.

పెట్టుకున్నాడు. కదిలి చూశాడు. "ఇంతకుముందు బండి అటూ ఇటూ జరిగేది. ఇప్పుడు జరగట్లే. ఇదే బాగుంది" అని ఒప్పుకున్నాడు.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆవిడ మాత్రం నా మెళ్ళో టేపు చూసి, "నువ్వు జాకెట్లు కుడతావా?" అంది. అక్కడే, ఫోర్కు కొలిచిన టేపుతోనే ఆవిడ కొలతలు తీసుకున్నాను. చేతులకి తుప్పు మరకలు. ఆవిడకి భుజాల దగ్గర కొంచెం వదులు కావాలట, తొడిమలు తీసేటప్పుడు పట్టేస్తుందట. తర్వాత రెండు జాకెట్లు కుట్టి, మాచర్ల వెళ్ళేవాళ్ళ చేత పంపాను. బాగా పట్టాయని ఫోన్ చేసి చెప్పింది.

ఫోర్కు బిగించే పని మా సైకిలు షాపాయనే చేశాడు. రిక్షా చక్రానికి ఇరుసు లావు గనక కాళ్ళ చివర గాడి మాకు కొంచెం వదులైంది, పాతదానికి అన్నయ్య వేసినట్టే రెండు పక్కలా వాషర్లు వేశాడు. బ్రేకు కమ్మీకి కొత్తగా బెజ్జం వేశాడు. కొత్త గోళీలు, గ్రీజు పెట్టి నట్టు బిగించి హ్యాండిలు ఇటూ అటూ తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. "ఇప్పుడు దీని మీద బియ్యం బస్తాలు కూడా వేసుకోవచ్చు" అన్నాడాయన. "ఆల్రెడీ ఒకటి వేసుకుంటున్నా" అన్నాను. మా ఆయన పొట్ట లోపలికి లాక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. మొదటి నాలుగు పెడళ్ళకే సైకిలు తూలింది. ఆ గొర్రెలు, ఆ కల్వర్టు కళ్ళ ముందుకొచ్చాయి. నా చేతులు బిగుసుకుపోయాయి. వెనక నుంచి ఆయన ఏదో ఒకటి అంటాడని చూశాను. బస్సు లైను గురించి, గేరు గురించి. నా వీపు మీద అరచెయ్యి ఆన్చాడు, అంతే. సందు దాటి పెద్ద రోడ్డు ఎక్కేసరికి నా భుజాలు వాటంతటవే దిగాయి.

ఊరు దాటాక పొలాల మీంచి చల్లగాలి మొదలైంది. మిరప కోతలు నడుస్తున్నాయి, గాలిలో పచ్చి ఘాటు. విరిగిన కల్వర్టు దగ్గర దిగి నడిపించుకుంటూ దాటాం. ఆయన కల్వర్టు గోడని కాలితో ఒక్క తన్ను తన్ని "నీ బాకీ తీరింది" అన్నాడు.

టీకొట్టు దగ్గర ఆయన స్నేహితులంతా ఉన్నారు. మేము ఆగేలోపే ఈయన మాచర్ల కథ మొదలుపెట్టాడు. ఆయన చెప్పేదాంట్లో రైల్లో పెద్దావిడ కొబ్బరికాయ కొట్టింది. ముసలాయన కర్ర తీసుకుని మీదకొచ్చాడు. ఫోర్కు ఊడదియ్యటానికి సాయంత్రం అయింది. కోళ్ళు గోళీలు మింగేశాయి. సత్తెనపల్లి సంగతి మాత్రం ఎక్కడా రాలేదు. నేను ఒక్కటీ దిద్దలేదు. కొట్టతను తెచ్చిపెట్టిన ఇడ్లీల్లో నావి నేను తిన్నాను. కథ చెబుతూ చేతులు ఊపుతున్నాడు గనక ఆయన ప్లేటు పడిపోకుండా నా ఒళ్ళో పెట్టుకున్నాను.